బల్లకట్టు నైలాన్ తాడు

నా చిన్నప్పుడు మా కొల్లేటి లంక నుంచి బడికి వెళ్ళాలంటే వానాకాలమంతా కాలవ దాటాలి. దాటడానికి ఉన్నది ఒక బల్లకట్టు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి కట్టిన తాడును చేతులతో లాక్కుంటూ పోవడమే. ఆ తాడు సంగతి తలుచుకుంటే నాకు ఇవాళ్టికీ ఒళ్ళు మండుతుంది. మాట కాస్త కటువుగా వస్తే ఏమీ అనుకోకండి.

పూర్వం అది కొబ్బరిపీచు తాడు. వేసవిలో నీళ్ళు తగ్గగానే దాన్ని విప్పి, కడిగి, వారం రోజులు నీడన ఆరబెట్టి, గాలి తగిలేలా దూలానికి వేలాడదీసేవారు. ఆ పని ఆడవాళ్ళది, అందరికన్నా ముందు మా అమ్మమ్మది. తరవాత నైలాన్ తాడు వచ్చింది. ఇది కుళ్ళేది కాదు, చూసుకోనక్కర్లేదు అన్నారు మా ఊరి పెద్ద. ఏటా వేసవిలో విప్పిన తాడును తడితడిగానే చుట్టించి తన రేకుల కొట్టంలో పడేయించారు. ఆ కొట్టాన్ని ఆనుకునే ఆయన ధాన్యం ఉడకబెట్టే పొయ్యి. పైన రేకు కాలుతుంది, లోపలికి ఆవిరి వస్తుంది. ఇడ్లీ పాత్రలో పెట్టినట్టు మూడు వేసవులు ఆ తాడు అందులోనే మగ్గింది.

నాలుగో ఏడు వానలు పడగానే దాన్ని బయటికి తెచ్చారు. కాస్త పసుపు తిరిగింది తప్ప పైకి బాగానే ఉంది. అమ్మమ్మ దాన్ని మెలితిప్పి చూసి, నా పుస్తకాల సంచి లాక్కుని నన్ను గట్టు మీదే నిలబెట్టేసింది.

"ఇది నైలాన్, అత్తా. మన మునిమనవలు కూడా దీన్నే లాగుతారు, నీకెందుకు బెంగ?" అన్నారు పెద్ద.

అమ్మమ్మ వాదించలేదు. గట్టుకి కట్టగా మిగిలిన తాడు కొస తీసుకుని పక్కనున్న తుమ్మచెట్టుకి ఉయ్యాల కట్టించింది. "ఏవండీ పెద్దగారూ, మీరొక్కసారి ఊగి చూపించండి. మీరు దిగాక మా పిల్లని బల్లకట్టు ఎక్కిస్తాను" అంది, ఎంతో మర్యాదగా. అందరూ చూస్తుంటే ఆయన కాదనలేక నవ్వుతూ కూర్చున్నారు. రెండో ఊపుకే తాడు పుటుక్కుమంది. ఆయన వెల్లకిలా బురదలో పడ్డారు. నవ్వినవాళ్ళు నవ్వారు. కాలవ నిండుగా పోతోంది, దాన్ని చూసిన తల్లులు మాత్రం నవ్వలేదు.

నైలాన్ కుళ్ళదన్నది నిజమే. కానీ అది నీటిని పీల్చుకుంటుందనీ, ఆ తడికి వేడి తోడైతే కంటికి కనిపించని అణువుల గొలుసులు లోలోపలే తెగిపోతాయనీ ఏలూరులో చదువుకునేటప్పుడు నాకు తెలిసింది. ఆ చదువు లేని మా అమ్మమ్మకి వేళ్ళతోనే తెలిసింది. తెలిసినందుకు ఆవిడకి దక్కిందేమిటి? ఆ సాయంత్రమే పంచాయితీ పెట్టారు. తాడును పాడుచేసినాయన మంచం మీద, నా ప్రాణం కాపాడినావిడ నేల మీద. పెద్దమనిషిని పదిమందిలో పడేసినందుకు తప్పయిందని చెప్పాలట. సిగ్గుండాలి. తొమ్మిదేళ్ళదాన్ని, నాకే అరికాలి మంట నెత్తికెక్కింది. మా అమ్మమ్మ చచ్చినా ఒప్పుకోదనుకున్నాను.

ఆవిడ లేచి కొంగు భుజం చుట్టూ కప్పుకుంది.

"తప్పయిందండి" అంది. "కిందటేడే ఈ తాడు లాగితే అరచేతికి పొడి అంటింది. పెద్దవారు చెప్పారు కదా అని నోరు మూసుకున్నాను. ఆ వానాకాలమంతా పిల్లల్ని దీని మీదే దాటించాను. ఆ తప్పు నాదేనండి. నేను చేసిన తప్పు అదొక్కటే."

రెండు రోజుల్లో కొత్త తాడు వచ్చింది, దాన్ని ఆరబెట్టే పని మళ్ళీ ఆడవాళ్ళకే అప్పగించారు.

ఆ పెద్దాయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన మీద నా కోపం పోలేదు, పోగొట్టుకోవాలనీ లేదు. అయితే ఎక్కడైనా తేడా కనిపించినా నాకెందుకులే అని ఊరుకోబోయిన ప్రతిసారీ, ఆ కోపం ఆయన్ని వదిలేసి నా మీదికి తిరుగుతుంది.