సర్కారుదా, కంపెనీదా?

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో ఉండేది కాదు. మదనపల్లెలో డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతున్నాను. నీళ్లు, కరెంటు, బస్సులు, ఆసుపత్రులు అన్నీ ప్రైవేటు కంపెనీల చేతికిస్తే దేశం ఇట్టే బాగుపడిపోతుందని నా గట్టి నమ్మకం. (కొళాయి దగ్గర బిందె పెట్టుకుని నిలబడే పని మాత్రం మా అమ్మది.) నా స్నేహితురాలేమో అన్నీ ప్రభుత్వమే నడపాలనేది. అందుకే క్లాసంతా ఆమెను ‘సర్కారు’ అని పిలిచేవాళ్లం. కుప్పంలో ఇదే విషయం మీద కాలేజీలకు డిబేటు పెడితే, చెరో పక్షాన మాట్లాడమని మా ఇంగ్లీషు సారు ఇద్దరి పేర్లూ ఇచ్చి, తాను ముందురోజే వెళ్లారు.

బస్సెక్కగానే మా సాధన మొదలైంది. పుంగనూరు చేరేసరికి సగం బస్సు నా వైపు, సగం సర్కారు వైపు. కండక్టరు టికెట్లు కొట్టడం మాని వింటున్నాడు. ఊరు దాటాక, మా ముందు సీట్లో తల్లి వెంట కాన్పుకని గుడుపల్లెకు పోతున్న అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. డ్రైవరు బస్సు పక్కకు తీశాడు. నేను 108కు ఫోను చేశాను. మేము భయపడినంత ఆలస్యం కాకుండానే అంబులెన్సు వచ్చింది. దించడానికి మనుషులు చాలక, స్ట్రెచరు ఒక కొస నేనూ సర్కారూ పట్టుకున్నాం.

“సూసినావా, సర్కారు బండే వచ్చింది” అంది నా స్నేహితురాలు.

నేను ఊరుకుంటానా? నడిపేది కాంట్రాక్టు కంపెనీ అని, బండి మీదే రాసుందని గడ్డంతో చూపించాను. డబ్బు ప్రభుత్వానిదని ఆమె, డ్రైవరు కంపెనీ మనిషని నేను. స్ట్రెచరు మీద ఆ అమ్మాయి మూలుగుతూనే ఉంది, మేము కదలడం లేదు.

“ఎవురి బండైతే యేమమ్మా, నా బిడ్డను యెక్కించండి. ఆమీద కొట్లాడుకుందురు గాని” అంది ఆ తల్లి.

సిగ్గుతో చచ్చిపోయాం. ఆ తల్లి నా చెయ్యి వదలకపోవడంతో ఇద్దరమూ అంబులెన్సులోనే వెళ్లాం. ఆసుపత్రి వరండాలో ఆ తల్లికి చెరో పక్కన కూర్చున్నాం. చాలాసేపటికి లోపలినుంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. నేనూ సర్కారూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చేశాం. (ఎందుకో అడగొద్దు.)

కుప్పం చేరేసరికి హాల్లో కుర్చీలు సర్దేస్తున్నారు. సారు మొహం కందగడ్డలా ఉంది. యాడ పోయినారని, వేరే కాలేజీవాళ్లు మాట్లాడి వెళ్లిపోయారని కసిరి, మా నవ్వుమొహాలు చూసి ఆగిపోయారు.

“ఏమ్మా, యేమైంది?”

“ఆడబిడ్డ సార్” అంది సర్కారు.

ఇప్పుడు ఆ డిబేటు విషయం మీద ఎవరైనా నా అభిప్రాయం అడిగితే తడబడతాను. ఆలోచించి చెబుతానంటాను. లోకాన్ని ఒక్క ఉపన్యాసంతో బాగుచేయాలని బయలుదేరిన ఆ పిల్లను, అప్పటి నన్ను, తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ పిల్ల తన ధైర్యంలో కాస్తయినా నాకు మిగిల్చి వెళ్లుంటే బాగుండేదనీ అనిపిస్తుంది.