ఆటోలో వెనక బెంచీ

ఎనిమిదో తరగతిలోనే చదువు మీద జాలిపడి దాన్ని వదిలేశాను. అది మాత్రం నన్ను వదల్లేదు, నా ఆటోలోనే టీచరై ఎక్కింది. నందిగామలో బీఈడీ చదివే అమ్మాయి, ఇంగ్లీషు పాఠం చెప్పడం నేర్చుకోవడానికి వీరులపాడు దగ్గర మా ఊరి బడికి వచ్చేది. తీసుకెళ్ళి తీసుకురావడం నా పని.

మొదటిరోజు సాయంత్రం ఏడుస్తూ ఎక్కింది.

"ఏమైంది మేడం, ఎవడన్నా కరిచాడా?"

"నోరు తెరిస్తే ఒకటే నవ్వులన్నా. గుడ్ మార్నింగ్ అంటే ఒక్కళ్ళూ పలకలా. రెండు జడల పిల్ల ఒక్కతే లేచి చెప్పింది."

"మీరు నయం. నన్ను చూస్తే మా సారు సెలవు పెట్టేవాడు."

ఆ రెండు జడల పిల్ల నా కూతురని చెప్పలేదు. చెబితే పాపం, ఆవిడ దానిమీద లేని ప్రేమ నటించాలి.

ఆ రోజు నుంచి మా అమ్మాయి పొయ్యి దగ్గర నిలబడి పాఠంలో ఒకే వాక్యాన్ని కూడబలుక్కుంటూ చదివేది. "ఆఖరి పాఠం రోజు మేడంకి మార్కులెయ్యడానికి వాళ్ళ కాలేజీ పెద్దసారు వస్తాడంట నాన్నా. మేడం నన్నే లేపుద్ది."

"నీ వాక్యం అయ్యేలోపు నేను జగ్గయ్యపేట వెళ్ళి రావచ్చే," అని ఏడిపించేవాణ్ణి.

ఆ రోజు రానే వచ్చింది. పెద్దసారు రాకముందే మేడం కొంతమంది పిల్లల్ని నా ఆటో దగ్గరికి తోలుకొచ్చింది.

"అన్నా, కాసేపు వీళ్ళని చూస్తుండు. మొద్దు బ్యాచ్. సారు ముందు నోరు తెరిస్తే నా మార్కులు గోవిందా."

అందులో మా అమ్మాయి ఉంది, కొత్త రిబ్బన్లతో. నాన్నా అని పిలవలేదు. తెలియని ఆటోవాణ్ణి చూసినట్టు చూసి వెనక సీట్లో కూర్చుంది. మేడం ముందు నా పరువు కాపాడిందన్నమాట.

లోపల మిగతా పిల్లలు ముందే కంఠతా పట్టిన జవాబులు దంచేస్తున్నారు. దాని వాక్యం ఇంకెవరో గడగడా చదివేశారు. ఇది పెదాలు మాత్రం కదిపింది.

పాఠం అయ్యాక పెద్దసారు బయటికొచ్చాడు. "ఎవరయ్యా ఈ పిల్లలు?"

వెనకే ఉన్న మేడం ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పాఠం ఒలిచాక మిగిలిన తొక్కలండి. పారబోసి రమ్మన్నారు," అన్నాను.

ఆయన కడుపుబ్బ నవ్వాడు. "మా రోజుల్లో మేం పొలాల్లోకి తోలేవాళ్ళమయ్యా. వీళ్ళకి నీడన్నా ఉంది." మేడం వైపు తిరిగి, "బాగా చెప్పావమ్మా, మంచి మార్కులే వేశా," అన్నాడు.

ఆటోలో పిల్లలు కూడా నవ్వారు. నవ్వనిది మా అమ్మాయి ఒక్కతే.

సాయంత్రం నందిగామ దారిలో చెప్పాను. "ఆ రెండు జడల పిల్ల మా అమ్మాయి మేడం."

"అయ్యో! ముందే చెబితే దాన్ని లోపలే కూచోబెట్టేదాన్ని కదన్నా."

"నిజమే. మిగతావాళ్ళ నాన్నలకి ఆటోల్లేవు మరి."

జోకనుకుని ఆవిడ కూడా నవ్వింది.

మర్నాడు బడి గేటు దగ్గర ఆటో ఆపితే మా అమ్మాయి దిగలేదు.

"లోపలికెళ్ళి కనుక్కురా నాన్నా, ఇవాళ ఏ సారన్నా వస్తున్నాడేమో. వస్తే నేనిక్కడే కూచుంటా."