చప్పుడు చేయని స్విచ్

మా వదిన తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఆ రోజు ఆవిడ చేతిలో ఉన్న ట్రయాక్ అనే బుల్లి స్విచ్‌కు నిజంగానే మూడు కాళ్లున్నాయి కాబట్టి నేను నోరు మూసుకోవలసి వచ్చింది.

వాళ్ల నాన్న ఫ్యాన్లు బాగుచేసేవాడు. ఆయన బల్ల దగ్గరే టంకం వేయడం నేర్చుకుంది. మా అన్నయ్యను చేసుకుని వచ్చాక ముందుగదిలో అలాంటి బల్లే వేయించుకుంది. ఆడపడుచు అర్ధమొగుడంటారు గానీ, పూర్తి మొగుడికే జంకని మనిషి నాకేం జంకుతుంది?

నాది కోడిపిల్లల్ని పొదిగించే పని. గుడ్ల పెట్టెలో హీటర్‌ను వేసి ఆర్పే రిలే రోజంతా టిక్కు టిక్కుమంటూ కొట్టుకునేది. ఓసారి దాని కాంటాక్టులు అతుక్కుపోయి హీటర్ ఆగలేదు. గుడ్లన్నీ ఉడికిపోయాయి. కొత్త రిలే వేశాను. నెల తిరక్కుండా మళ్లీ అదే కథ. మూడోసారి కూడా పోతే షెడ్డుకు తాళం వేసుకోవడమే. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"కదిలే ముక్కే లేకపోతే అతుక్కోవడానికేముంటుంది?" అంటూ వదిన రిలే పీకేసి ట్రయాక్ పెట్టింది. రిలే కన్నా చవక. ఒక కాలికి చిన్న సంకేతం అందితే హీటర్‌కు కరెంటు వదులుతుంది, అందకపోతే ఆపేస్తుంది. అది కాలిపోకుండా వెనక అల్యూమినియం పలక బిగించింది. వారం రోజులు ఖాళీ పెట్టె నడిపి చూశాకే గుడ్లు పెట్టనిచ్చింది.

చప్పుడు లేదు. అదే నా ప్రాణం తీసింది.

"ఇదీ పాడైతే?" అన్నాను.

"పాడైతే ఎక్కువగా ఆన్‌లోనే ఉండిపోతుంది. అందుకే విడిగా ఇంకో కాపలా పెట్టా. వేడి ఒక్క డిగ్రీ పెరిగిందంటే టిక్కుమని లైన్ కట్ చేసేస్తుంది, పెట్టె మీది ఈ ఎర్ర లైటు ఆరిపోతుంది."

"చేస్తుందని ఏంటి నమ్మకం?"

వదిన మెయిన్ స్విచ్ ఆపి, ట్రయాక్‌లో కరెంటు పారే రెండు కాళ్లనూ తీగతో కలిపేసింది.

"ఇప్పుడిది చచ్చిందనుకో."

"లోపల గుడ్లున్నాయి వదినా."

"అందుకే. ఖాళీ పెట్టెలో నేను మూడుసార్లు చూశా. నువ్వు చూడాలిగా. కాసేపు ఒక డిగ్రీకి గుడ్లకేం కాదు."

మెయిన్ వేసింది. వేడి ఎక్కుతోంది. నా చెయ్యి మెయిన్ మీదే ఉంది. ఆవిడ చేతులు కట్టుకుని నిలబడింది. సరిగ్గా డిగ్రీ దాటగానే టిక్కుమంది, ఎర్ర లైటు ఆరిపోయింది. వదిన మెయిన్ ఆపి, తీగ తీసేసి, మళ్లీ మెయిన్ వేసి, ఏమీ జరగనట్టు చేతులు కడుక్కుంది.

గుడ్లు పెట్టిన ఇరవై ఒకటో రోజు పొద్దున్న గింజలు జల్లెడ పడుతుంటే పెట్టెలోంచి వినబడింది, టిక్కుమని. జల్లెడ వదిలేసి పరిగెత్తాను.

"వదినా, ట్రయాక్ పోయింది."

ఆవిడ వచ్చి పెట్టెను పైనుంచి కింది దాకా చూసింది.

"ఎర్ర లైటు వెలుగుతూనే ఉందిగా. లోపల చూడు."

తలుపు తీశాను. ముందు వరసలో ఒక గుడ్డుకు చిల్లు పడి ఉంది, అందులోంచి బుల్లి ముక్కు పెంకును పొడుస్తోంది. పక్కదానికీ బీట పడింది. వదిన భుజం పట్టుకుని ఏడ్చేశాను.

"ఏడుపు తర్వాత," అంది వదిన. "ముందు తలుపెయ్యి, వేడి పోతోంది."