గడ్డి అనుకుని పీకిన కూర

మొన్న వానలు పడ్డ నాలుగు రోజులకు మా కోడలు మిద్దె మీద కుండీలు శుభ్రం చేస్తూ, మిరప మొక్క మొదట్లో పాకిన ఎర్రకాడల మొక్క ఒకటి చూపించి, "ఇది తీసేయాల్నా అత్తమ్మా, ఉంచాల్నా?" అని అడిగింది. నన్ను అడిగి ఊరుకోలేదు, ఫోటో తీసి ఫోన్‌నూ అడిగింది. ఫోను ఏదో ఇంగ్లీషు పేరు చెప్పి, గుండెకు మంచిదనీ కళ్లకు మంచిదనీ పొగడ్తలు మొదలుపెట్టింది. నేను మెట్ల మీంచే "ముట్టకు, ముట్టకు!" అని కేకేశాను. పామేమో అనుకుని పాపం ఆ పిల్ల రెండడుగులు వెనక్కి వేసింది. గంగవాయిలి కూరకు నేనెందుకంత కంగారు పడతానో దానికేం తెలుసు? సంతోష్‌నగర్‌లో ఈ ఇల్లు కట్టుకోక ముందు సంగతి అది.

నేను పుట్టి పెరిగింది సర్కారు క్వార్టర్లలో, మూడో అంతస్తులో. మట్టి అంటే మాకు వినాయక చవితికి తెచ్చే బంకమట్టే. ఆకుకూరలు నాన్న సంచిలో వచ్చేవి, కట్టలు కట్టలుగా. పోచతో కట్టి ఉంటే కూర, కట్టకపోతే గడ్డి అన్నంతే నాకున్న వ్యవసాయ జ్ఞానం. అంత జ్ఞానంతో మాదన్నపేటలో అత్తగారింట అడుగుపెట్టాను. పాత పెంకుటిల్లు, వెనక నాలుగు మంచాలు పట్టేంత పెరడు. అందులో కరివేప చెట్టు, గోడ మీదికి పాకే చిక్కుడు, బట్టలు ఉతికే బండ. అత్తమ్మ మాటలు పొదుపుగా వాడే మనిషి. ఉప్పు ఎక్కువైందని కూడా చెప్పేది కాదు, మంచినీళ్ల చెంబు దగ్గరికి జరుపుకునేది. నాకు ఆమె అంటే హడల్. మామయ్య ఆమెకు పూర్తిగా భిన్నం. ఆయన ఉల్లిగడ్డలకు వెళ్తే బేరం ఉర్దూలో మొదలై, దుకాణం భాయ్ బిడ్డ సంబంధం దాకా వెళ్లి, ఉల్లిగడ్డలు తేవడం మరిచి ఇంటికొచ్చేవాడు. ఆ ఇంట్లో వినిపించే గొంతు అంతా ఆయనదే.

పెళ్లయిన ఏడాదే ఆషాఢం వచ్చింది. అత్తాకోడళ్లు ఒక గడప దాటకూడదని నన్ను పుట్టింటికి పంపారు. నేను అటు వెళ్లిన పది రోజులకే మామయ్య టైఫాయిడ్‌తో పడ్డాడు. వస్తానని కబురు పంపితే, "నెల నిండినంకనే రమ్మను" అని అత్తమ్మ జవాబు పంపింది. అది ఆచారమో కోపమో తెలియక నేను ఆ నెలంతా కుమిలిపోయాను. శ్రావణం రాగానే పరుగెత్తాను. జ్వరం తగ్గింది కానీ మనిషి తేరుకోలేదు. వెనక వరండాలో నవారు మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పలకరిస్తే కళ్లు తెరిచేవాడు, అంతే. గంజి రెండు చెంచాలు మింగి మూడోది తోసేసేవాడు. డాక్టరు మెత్తటి పప్పన్నం పెట్టొచ్చని చెప్పాడు, తింటేనే లేస్తాడని కూడా చెప్పాడు. తినకపోతే ఏమవుతుందో ఎవరూ పైకి అనలేదు.

మర్నాడు పొద్దున అత్తమ్మ మందులకు బయలుదేరింది. మా ఆయన డ్యూటీకి వెళ్లాడు. శ్రావణ శుక్రవారం దగ్గరపడుతోంది, పెరడేమో చూసే దిక్కు లేక గడ్డి పట్టిపోయి ఉంది. నా మంచితనం నిరూపించుకోవడానికి ఇంతకంటే సందు దొరకదనుకున్నాను. కొంగు బిగించి, తడి నేల కదా, వేళ్లతో సహా అన్నీ లాగేశాను. గోడ వారన కుప్ప వేసి, నేల ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు కూడా పెట్టాను. ఎండెక్కాక అత్తమ్మ వచ్చింది. మెచ్చుకుంటుందని నేను తలుపు దగ్గరే నిలబడ్డాను.

ఆమె ముగ్గు వైపు చూడలేదు. "గీడున్న కూర ఏమాయె?" అంది.

"ఏ కూర అత్తమ్మా? గడ్డి మొత్తం తీసేసిన."

"గడ్డి గాదు పిల్లా, గంగవాయిలి. మీ మామకు పానం గది. రేపు పప్పుల ఏద్దామని ఎదురు చూస్తున్న."

అప్పుడు మంచం మీంచి బొంగురు గొంతు లేచింది.

"దాన్నేమనకు. నేనే పీకుమన్న. దోమలైతున్నయ్."

"నువ్వన్నవా?" అంది అత్తమ్మ.

"ఆఁ, అన్న. ఏంది, లొల్లి జేస్తవా?"

పొద్దుటి నుంచీ ఆయన నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అత్తమ్మ మాత్రం మాకు వీపు పెట్టి కుప్ప దగ్గరికి వెళ్లి వంగింది. చాలాసేపు అలాగే వంగి ఉంది. కోపం అణుచుకుంటోందని నేను బిక్కచచ్చిపోయాను.

తరువాత నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. ఎండకు గడ్డి అంతా వడలిపోయింది, గంగవాయిలి మాత్రం అప్పుడే కోసినట్టు నిగనిగలాడుతోంది. దాని కాడల్లో నీరుంటుంది, పీకినా రెండు మూడు రోజులు చావదు. "తుంచి చూడు, పాలు కారితే కూర గాదు, అవుతల పారెయ్" అని అలాంటిదే ఇంకో మొక్కను చూపించింది. నేల మీద పాకే కూర కాబట్టి ఇసుక పోయేదాకా నాలుగు నీళ్లలో కడిగించింది. పెసరపప్పులో వేసి, రెండు ఎల్లిపాయలు, చిటికెడు జీలకర్ర, అంతే. కూరలోనే పులుపు ఉంటుంది, చింతపండు అక్కర్లేదు. పోపు లేదు, కారం లేదు. మిగిలిన కాడలు చిక్కుడు పక్కన మట్టిలో గుచ్చింది. అవి వారానికే చిగురేశాయి. ఆ మధ్యాహ్నం మామయ్య గోడకు ఆనుకుని కూర్చుని ఐదు ముద్దలు తిన్నాడు. ఉప్పు తక్కువైందని నసిగాడు కూడా. నెల తిరిగేసరికి మళ్లీ ఉల్లిగడ్డలు మరిచి రావడం మొదలుపెట్టాడు.

ఇదంతా జరిగి ఎన్నో ఏళ్లయింది. మామయ్య చాలాకాలం హాయిగా బతికి వెళ్లిపోయాక, ఒక మధ్యాహ్నం చిక్కుళ్లు వలుస్తూ అత్తమ్మను అడిగాను, ఆ రోజు ఆయన మాట నమ్మావా అని.

ఆమె నవ్వింది. "నమ్ముడా? నోరు తెరిచి నీళ్లడగని మనిషి నీకు పని జెప్తడా? అబద్ధమని అప్పుడే ఎర్కైంది."

"మరి నన్నెందుకు తిట్టలే?"

"పదిహేను దినాలు ఉలుకు లేదు, పలుకు లేదు పిల్లా. మనిషి దక్కడనుకున్న. గా దినం లేచి నాతోని కొట్లాటకొచ్చిండు. ఇంక నిన్ను తిట్టేది నాకు యాడ యాదికుంటది? కుప్పల మొఖం పెట్టి ఏడుస్తున్న."

నేను చిక్కుడుకాయలు పక్కన పెట్టి ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆ రోజు పెరట్లో బతికిపోయింది నేనొక్కదాన్నే అనుకున్నాను. ముగ్గురం బతికిపోయామని తెలియడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది.