చక్రం చివరి పిల్ల

మా వదిన రోజూ పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని, పళ్లెంలో పప్పు పోసుకుని కిటికీ దగ్గర కూర్చునేది, రాళ్లు ఏరడానికి. అందరిలా గింజ గింజా కదిపి చూసేది కాదు. పళ్లెం మొత్తాన్ని ఒక్క చూపులో పట్టుకుని కాసేపు ఊరుకునేది. "వెతికితే రాయి దొరకదు. ఊరుకుంటే అదే బయటపడుతుంది" అనేది. చెయ్యి వేసిందంటే రాయి మీదే పడేది.

బళ్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఊళ్లో స్కేటింగుకని మంచు హాలు కట్టినప్పటి నుంచి జట్టు స్కేటింగు పోటీలకు జడ్జిగా కూర్చునేది. పదహారు మంది ఆడపిల్లలు బూట్ల కింద బ్లేడ్లతో, చేతులు పట్టుకుని, ఒకే ఒంటిలా మంచు మీద సాగాలి. ఓసారి గీత కడతారు, ఓసారి వలయం, ఓసారి రెండు వరుసలై ఒకదాని సందుల్లోంచి ఒకటి దూసుకుపోతారు.

"ఇంతమందిని ఒక్కసారే ఎట్లా చూస్తావు వదినా? నాకు ఇద్దరు పిల్లల్ని చూసుకోవడమే చేతకాదు" అన్నాను ఒకరోజు.

"ఎవర్నీ చూడను. అదే కిటుకు. ఒకర్ని చూశానా, మిగతా వాళ్లందరికీ అన్యాయం చేసినట్టే. మనిషికీ మనిషికీ మధ్య ఖాళీ చూస్తాను. ఖాళీలు సమంగా ఉంటే పిల్లలు బాగా చేస్తున్నట్టు."

మార్కుల సంగతి కూడా ఆవిడే చెప్పింది. విన్యాసం ఎంత కష్టమైనదో తేల్చేవాళ్లు వేరే ఉంటారు. జడ్జీలు చూడవలసింది దాన్ని ఎంత పొందికగా చేశారన్నదే. ఒక్కోదానికి మైనస్ అయిదు నుంచి ప్లస్ అయిదు దాకా వేస్తారు. అందులో అన్నిటికంటే పెద్ద మార్కు ఒకటి, చిన్న మార్కు ఒకటి తీసి పక్కన పెట్టి, మిగిలినవాటికి సగటు కడతారు. ఒక జడ్జికి ఎవరిమీదైనా అతి ప్రేమో అతి కోపమో ఉన్నా, జట్టుకు దెబ్బ తగలకూడదని పెట్టిన కట్టుబాటు అది.

హాల్లో చలి ఎముకలు కొరికేది. పక్క కుర్చీలో కూర్చునే జడ్జి బట్టలు కుట్టే ఆవిడ. మేమంతా టైలరమ్మ అనేవాళ్లం. అడక్కుండానే తన శాలువాలో సగం మా వదిన మోకాళ్ల మీద కప్పేది.

ఒకనాడు అన్నం తింటూ అన్నయ్య దవడ పట్టుకున్నాడు. "అబ్బా! ఏమేవ్, పదహారు మందిని చూసే కళ్లకి పప్పులో రాయి కనపడలేదా?"

"మీ నోరు కాసేపు మూతపడుతుందని నేనే వేశాను లెండి" అంది వదిన. అందరం నవ్వాం. తర్వాత ఇంకోసారి పంటి కింద రాయి పడింది. అప్పుడు వదిన నవ్వలేదు. పళ్లెం అంచున ఉన్నవి తనకు అందడం లేదని ఆవిడకు తెలుస్తూనే ఉంది. వయసు మీద పడిందిలే అని సరిపెట్టుకుంది.

ఆ నెలలోనే పోటీ వచ్చింది. ఒక జట్టు చక్రం తిప్పింది. పిల్లలంతా పొడుగు గీతగా నిలబడి, ఆ గీతనే గుండ్రంగా తిప్పాలి. నడుమ ఉన్న పిల్ల దాదాపు ఉన్నచోటే తిరుగుతుంది. చివరి పిల్ల మాత్రం ప్రాణం పెట్టి పరుగెత్తాలి. వదిన చక్రానికి ప్లస్ మూడు వేసింది.

పోటీ అయ్యాక జడ్జీలను కూర్చోబెట్టి రెఫరీ మాట్లాడటం వాళ్ల పద్ధతి. ఆయన నెమ్మదైన మనిషి. "చక్రానికి అందరూ సున్నా, అంతకంటే కిందా వేశారు. మీరు మూడు వేశారు మేడమ్. చివరి పిల్ల చెయ్యి జారింది కదా?" అన్నాడు.

"జారిందా?" అంది వదిన.

ఆయన తన ముందున్న టీ కప్పు ఆవిడ వైపు జరిపాడు. "పర్వాలేదు లెండి. పెద్ద మార్కు కదా, ఎలాగూ తీసేశారు. జట్టుకు ఒరిగిందీ లేదు, పోయిందీ లేదు."

కళ్ల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. నడిమి చూపు బాగానే ఉందట. అంచులే అరిగిపోతున్నాయట. "చుక్కలు వేసుకుంటే ఉన్నది నిలుస్తుందమ్మా. పోయింది రాదు" అన్నారాయన.

పెద్ద పోటీ దగ్గర పడుతోంది. ఆ కుర్చీ అంటే వదినకు ఎంత ఇష్టమో ఇంట్లో అందరికీ తెలుసు. "ఎవరడుగుతారే నిన్ను? తప్పు వేస్తే తీసేస్తారుగా. వెళ్లి కూర్చో" అన్నాడు అన్నయ్య. ప్రేమతోనే అన్నాడు. ఆవిడ ఆ సాయంత్రమంతా ఒకే చొక్కాకు ఒకే గుండీ కుట్టి, విప్పి, మళ్లీ కుట్టింది. దేవుడు కొందరికి తప్పు చేశాక దాన్ని దాచుకునే చోటు కూడా చూపిస్తాడు. అందులో దాక్కోవాలా వద్దా అన్నది మాత్రం మనకే వదిలేస్తాడు.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని హాలుకు వెళ్లింది. "నా పేరు తీసేయండి" అంది రెఫరీతో, కళ్ల సంగతి చెప్పి.

"మీ మార్కు వల్ల నష్టమేం లేదని చెప్పాను కదా మేడమ్."

"ఉందండీ. పక్కన పెట్టే పెద్ద మార్కు ఒక్కటే. ఆ చోటు ప్రతిసారీ నేనే ఆక్రమిస్తే, ఇంకెవరైనా పొరపాటున వేసిన ఎక్కువ మార్కు లోపలే ఉండిపోతుంది. అది ఏ జట్టు నెత్తినో పడుతుంది."

ఆయన పెన్నుకు మూత బిగించాడు. "పోనీ, సింగిల్స్‌కి మారండి. ఒక్క మనిషే ఉంటారు. నడిమి చూపు చాలు."

"ఒక్కర్నే చూడటం నాకెప్పుడూ రాలేదండీ" అని నవ్వింది వదిన. ఆ నవ్వుకే కాబోలు, ఆయన ఇంక బలవంతపెట్టలేదు.

బయట మెట్ల మీద టైలరమ్మ ఎదురైంది. విషయం విని వదిన రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వు లేకపోతే నా శాలువా ఎవరికి కప్పాలక్కా? నీకేం కావాలో చెప్పు. ఏదైనా సరే."

వదిన మెట్టు మీద కూర్చుంది. పక్కన చోటు చూపించింది.

"ఒక్కటి చేసిపెట్టమ్మా. ఆ చివరి పిల్ల చెయ్యి జారాక ఏం చేసిందో చెప్పు. మళ్లీ ఎట్లా అందుకుందో, మొహం ఎట్లా పెట్టిందో, అంతా మెల్లగా చెప్పు. అంత కష్టపడి పరుగెత్తింది, నేను చూడనేలేదు."