లేటుగా వచ్చే నవ్వు

దూలపల్లిలో లేత్ మిషన్ మీద పనిచేసే సిద్దిరాములు, పేట్ బషీరాబాద్ మాల్‌లో సినిమాకు వెళ్లి కూర్చోగానే జేబురుమాలు, అదే దస్తీ, తీసి పక్కసీటు మీద వేశాడు. ఆ సీటుకూ టికెట్టు తనే తీసుకున్నాడు, ఇక దస్తీ ఎందుకంటే ఏం చెబుతాడు? మేడ్చల్ పాత టాకీసులో దోస్తు మల్లేష్ కోసం సీటు పట్టిన అలవాటు. చెయ్యి ఊరుకోలేదు.

ఈ సినిమా మొదటి భాగం ఆ టాకీసులోనే చూశారిద్దరూ. రౌడీలు తరుముతుంటే హీరో పెళ్లి బ్యాండులో దూరి, డప్పు కొట్టడం చేతగాక పెళ్లికొడుకు గుర్రాన్ని బెదరగొడతాడు. హాలంతా నవ్వింది, సద్దుమణిగింది. మల్లేష్ అప్పుడు మొదలుపెట్టాడు. అతని నవ్వెప్పుడూ లేటే. ఎండాకాలం బోరు గురగురమని గాలి కక్కి, ఆ తర్వాత నీళ్లు పోసినట్టు వచ్చేది. దానికి హాలు మళ్లీ నవ్వింది.

"రెండోది వస్తే గూడ ఇద్దరం గల్సే జూడాలెరా" అన్నాడు మల్లేష్, కళ్లు తుడుచుకుంటూ.

పోయినేడు మల్లేష్ బిడ్డ బిందు లగ్గంలో, కొత్త వియ్యంకుడి ముందు, సిద్దిరాములు ఆ నవ్వును నవ్వి చూపించాడు. గురగురలతో సహా. వియ్యంకుడు కడుపు పట్టుకున్నాడు, ఆడపడుచులు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మల్లేష్ నవ్వలేదు. లేటుగానైనా వస్తుందిలే అని సిద్దిరాములు కాసేపు చూశాడు. రాలేదు. మల్లేష్‌ది శామీర్‌పేట, ఎంత దూరమని? అయినా అప్పటినుంచి మాటల్లేవు.

రెండో భాగం వస్తోందని తెలియగానే సిద్దిరాములు ఫోన్‌లో మెసేజ్ పెట్టాడు: "ఐతారం మాట్నీ. నీ సీటు పట్టిన." టిక్కులు నీలంగా మారాయి. జవాబు లేదు. చదివాడు కదా, వస్తాడేమో అనుకున్నాడు.

సినిమాలో మళ్లీ అదే పెళ్లి, అదే బ్యాండు. కాకపోతే ఈసారి విదేశంలో, వందమంది డప్పుల వాళ్లతో. హీరో అందరికంటే బాగా కొట్టాడు, కొడుతూనే రౌడీలందర్నీ పడగొట్టాడు. అప్పట్లో నవ్వించింది వాడి చేతగానితనం. ఇప్పుడు వాడు అన్నీ నేర్చుకుని వచ్చాడు. ముందు వరుసలో ఎవరో ఆవులించారు.

ఇంటర్వెల్లో వెనక నుంచి ఒకమ్మాయి వంగింది. "అంకుల్, గీ సీటుల ఎవరన్నా ఉన్నరా?"

"ఉన్నడు బిడ్డా. వస్తడు."

"సగం సిన్మా అయిపాయె గద అంకుల్!"

"ఆయనకు జర లేటు అలవాటు."

అమ్మాయి దస్తీ వైపు, అతని వైపు చూసి, "అయితే జల్దీ రమ్మనుండ్రి, ఇగ నవ్వొచ్చేది ఏమన్నుంటే గిప్పుడే రావాలె" అని పోయింది.

రెండో సగంలోనూ రాలేదు, నవ్వూ మల్లేషూ. సిద్దిరాములు మాత్రం ఒకచోట నవ్వబోయాడు. నోరు తెరిచి, పక్కకు తిరిగి, దస్తీని చూసి మూసుకున్నాడు.

బయట మెట్ల మీద నిలబడి ఫోన్‌లో మాట రికార్డు చేసి పంపాడు. "సిన్మ మంచిగలేదురా. నువ్వు రాకుంటెనే మంచిగైంది."

ఈసారి జవాబు వచ్చింది, మల్లేష్ గొంతుతోనే. "నేను మొన్ననే జూసినరా. ఒక్కణ్ణే వొయిన. డప్పుల కాడ అందరు సప్పుడు జేయకుండ కూసున్నరు. నాకు గూడ నవ్వు రాలే."

మాట అయిపోయింది. రికార్డు మాత్రం ఇంకా నడుస్తోంది, లారీల హారన్లు, గాలి. సిద్దిరాములు ఫోన్ చెవికి గట్టిగా ఒత్తుకున్నాడు. మల్లేష్‌కు నవ్వు లేటు కదా.

గాలి చప్పుడు కూడా ఆగి రికార్డు అయిపోయింది. మొదటినుంచి మళ్లీ పెట్టుకుని, మళ్లీ చివరిదాకా విన్నాడు.