పడినవాళ్లు లేచే ఆట

ఇక్కడ అమెరికాలో మా పక్కింటాయన గరాజ్‌లో కొక్కేనికి వేలాడుతున్న తోలు ఒర వైపు మా చిన్నాడు చెయ్యి చాచాడు. అందులో ఉన్నది నిజం తుపాకీ అని అప్పుడే గమనించాను.

"అమ్మా, కౌబాయ్ గన్! షూట్ చేస్తా, నువ్వు పడిపో!"

వాణ్ణి లాక్కుని ఇంటికొచ్చేశాను.

చిన్నప్పుడు ఆదివారం టీవీలో గుర్రమెక్కి వచ్చే కౌబాయ్ హీరో అంటే నాకు ప్రాణం. ఆయన కాల్చిన దొంగే మరో వారం మీసం మార్చుకుని కనిపించేవాడు. దెబ్బ తిన్నవాళ్లు మళ్లీ లేస్తారనుకునేదాన్ని. దీపావళి రీళ్ల తుపాకీతో అన్నయ్యను కాల్చితే, ఆ మందు వాసనలోంచి నవ్వుతూ లేచేవాడు. ఆ ఆటే నా పిల్లలకూ నేర్పాను.

ఆ రాత్రంతా ఆ తోలు ఒరే కళ్లలో మెదిలింది. పొద్దున పాలు పోస్తూ పిల్లలిద్దరికీ చెప్పాను:

"ఎవరింట్లో గన్ కనిపించినా ముట్టుకోకండి. బయటికొచ్చి నాకు చెప్పండి. మా ఆటలో మామయ్య లేచేవాడు నాన్నా. నిజం గన్ దెబ్బకి పడితే అమ్మ లేవదు."